ఆ మిరప మొక్కని పీకెయ్యకు

అమ్ములూ,

నిన్న ఫోన్లో "మిరప మొక్క పనైపోయింది నాన్నా, ఆకులన్నీ రాలిపోతున్నాయి, ఆదివారం కుండీ ఖాళీ చేసేస్తా" అన్నావు. గ్యాస్ అబ్బాయి బెల్లు కొట్టడంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది. పీకకు. మన గుంటూరు చేలల్లో ఏటా కొత్త నారు వేస్తారు కాబట్టి మిరప ఏడాది పంటే అనుకుంటాం. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ కూడా 1753లో దానికి 'ఏడాది మొక్క' అనే అర్థం వచ్చేలా 'యాన్యువమ్' అని పేరు పెట్టాడు. స్వీడన్‌వాడు పాపం, ఆ చలికి ఏ మిరప రెండో ఏడు చూస్తుంది? మంచు తగలకపోతే ఏళ్లకేళ్లు బతుకుతుంది.

మన బాల్కనీలో పెయింట్ బకెట్లో గాంధారి మిరప గుర్తుందిగా, సిద్ధాపుర నర్సరీలో కొన్నది? దానికిది నాలుగో ఏడు. మొదలు నా బొటనవేలంత లావై బెరడు కట్టింది. కాయలు అంగుళం కూడా ఉండవు, అన్నీ ఆకాశంకేసే చూస్తుంటాయి. కింది ఫ్లోర్ కన్నడావిడ "అంకుల్, గాంధారి మెణసు ఇదెయా?" అంటూ వారానికోసారి వచ్చి గుప్పెడు కోసుకెళ్తుంది.

మ్యూనిక్‌లో రాత్రుళ్లు ఐదు డిగ్రీలకి దిగుతోందన్నావు, ఆకులు రాలేది అందుకే. ముందు గోటితో కాండం మీద బెరడు కాస్త గీకి చూడు. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఉంటే, కాండం రెండుగా చీలే చోటికి పైన రెండేసి కణుపులు ఉంచి మిగతా కొమ్మలన్నీ కత్తిరించెయ్. చెయ్యి రాదు, తెలుసు. నేనూ మొదటిసారి కత్తెర పట్టుకుని అరగంట దాని చుట్టూ తిరిగాను. పేనుబంక ఉంటే కడిగి మరీ లోపలికి తే, ఇంట్లో దాన్ని తినడానికి అక్షింతల పురుగులు ఉండవు. పది పన్నెండు డిగ్రీలుండే కిటికీ దగ్గర పెట్టు, హీటర్ పక్కన మాత్రం వద్దు.

నీళ్ల దగ్గరే నేను దెబ్బతిన్నాను. బ్యాడగి రకం మిరప మొక్క ఒకదాన్ని ఇలాగే మోడు చేసి, జాలిపడి రోజూ చెంబెడు పోశాను. ఆకుల్లేని మొక్క ఏం తాగుతుంది? మూడో వారం కాస్త కదిపితే ఊడి చేతిలోకి వచ్చింది. వేళ్లన్నీ గోధుమరంగు జిగురు, కుళ్లు కంపు. మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. అందుకని వేలు మట్టిలోకి దించి, పొడిగా తగిలితేనే అరగ్లాసు పొయ్యి. ఎరువు అసలొద్దు.

మార్చికి కణుపుల దగ్గర ఆవగింజంత పచ్చటి మొగ్గలు లేస్తాయి. అప్పుడు మట్టిగడ్డతో సహా బయటికి తీసి, చుట్టూ అల్లుకున్న వేళ్లు కొంచెం కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టు. బాల్కనీలోకి మాత్రం మే సగం దాటాకే. కొత్తగా నారు పోసినవాళ్లకంటే ముందే నీ మొక్క పూతకొస్తుంది.

మన ఎండుమిర్చి డబ్బాలోంచి పట్టుకెళ్లిన గింజల్లో మొలిచింది అదొక్కటేగా. ఆదివారం గీకి ఫోటో పెట్టు.

నాన్న