అల్లిక విభాగం వార్షిక నివేదిక: మెడ నుంచి కిందికి అల్లే స్వెట్టర్

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కొత్తగా చేరినవారి తరగతులను ఒకే పనికి కేటాయించాం: నాలుగేళ్ల పిల్లలకు మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే రాగ్లాన్ (మెడ నుంచి చంకల దాకా ఏటవాలు గీతలతో చేతులు కలిసే) స్వెట్టర్. ముందు, వెనక, చేతులు విడివిడిగా అల్లేవారి పని తరచుగా ముక్కలు జోడించే దగ్గర అటకెక్కుతుంది. ఇందులో జోడింపే లేదు. పైగా పని సగంలో ఉండగానే పిల్లలకు తొడిగి చూసుకోవచ్చు.

ఒక్కో స్వెట్టర్‌కు మధ్యరకం మందం ఊలు 300 గ్రాములు, 80 సెం.మీ. సర్క్యులర్ సూదులు, అంటే రెండు మొనలను వైరుతో కలిపినవి, రెండు (5 మి.మీ., 4 మి.మీ.), కుట్ల మధ్య గుర్తుకు పెట్టే రింగులు (మార్కర్లు) నాలుగు, మొద్దుమొన సూది కావాలి. ఊలు ఏది కొనాలన్న వాదన ఈసారీ తప్పలేదు. హైదరాబాద్ చలికి యాక్రిలిక్ చాలు, ఉతకడమూ తేలిక. ఇస్త్రీపెట్టె మాత్రం తగలనివ్వకండి, సాగిపోయి మళ్లీ బిగువు రాదు. డిసెంబరు, జనవరుల్లో పది డిగ్రీల కిందికి దిగే ఆదిలాబాద్, లంబసింగి వైపు పంపేవాటికి అసలు ఉన్నే మేలు.

లెక్క ఇది. గేజ్, అంటే అల్లిక ఎంత బిగువుగా పడుతుందో చెప్పే కొలత, 10 సెం.మీ.కు 18 కుట్లు, 24 వరుసలు. 64 కుట్లు ఎక్కించి, 4 మి.మీ. సూదితో ఒక నిట్ (మామూలు కుట్టు), ఒక పర్ల్ (తిరగేసిన కుట్టు)గా 6 చుట్లు రిబ్, అంటే సాగే పట్టీ. తర్వాత 5 మి.మీ.కి మారి వెనక 22, చెయ్యి 10, ముందు 22, చెయ్యి 10గా మార్కర్లు పెట్టాలి. ప్రతి మార్కర్‌కు అటూ ఇటూ ఒక్కో కుట్టు పెంచితే చుట్టుకు 8 పెరుగుతాయి. ఒక చుట్టు పెంచుతూ, ఒకటి మామూలుగా, ఇలా 15 సార్లు చేస్తే 184. మరో 4 చుట్లు మామూలుగా అల్లాక చేతుల కుట్లు 40 చొప్పున వేరే దారానికి ఎక్కించి, ఒక్కో చంక కింద 6 కొత్త కుట్లు వేస్తే ఒంటికి 116, అంటే 64 సెం.మీ. 58 సెం.మీ. ఛాతీకి 6 వదులు. ఒళ్లు 16 సెం.మీ. మామూలుగా, 4 సెం.మీ. రిబ్. చెయ్యి 46 కుట్లతో మొదలై, 8 చుట్లకోసారి రెండేసి తగ్గుతూ ఆరు తగ్గింపుల్లో 34కి వస్తుంది, ఆపైన 4 సెం.మీ. రిబ్.

ఎక్కువగా దెబ్బ తీసింది గేజ్. చేయి బిగువై 10 సెం.మీ.కు 20 కుట్లు పడితే అవే 116 కుట్లు 58 సెం.మీ.కే వస్తాయి, వదులు మొత్తం పోతుంది. అప్పుడు 5.5 మి.మీ. సూదికి మారాలి. నమూనా ముక్కను అటూ ఇటూ తిప్పి అల్లి కొలిస్తే నమ్మలేం, చాలామందికి పర్ల్ వరుస వదులుగా పడుతుంది. స్వెట్టరేమో గుండ్రంగా అంతా నిట్‌తో సాగుతుంది. కాబట్టి నమూనా కూడా గుండ్రంగానే అల్లి, తడిపి, ఆరాక కొలవాలి.

తర్వాతది మెడ. ఆ వయసు పిల్లల తల చుట్టుకొలత సుమారు 50 సెం.మీ. మొదటి కుట్లు బిగుతుగా ఎక్కిస్తే రిబ్ ఎంత సాగినా అంచు సాగదు. ఎక్కించడం వరకు 5 మి.మీ. సూదే వాడండి. చుట్టు కలిపే ముందు కుట్లన్నీ మెలిక లేకుండా లోపలివైపు తిరిగి ఉన్నాయో లేదో చూడాలి. మెలిక పడితే విప్పడం తప్ప దారి లేదు.

చంక మూలల్లో కన్నం పడుతుంది. అక్కడ ఒక్కో కుట్టు అదనంగా ఎత్తి, మరుసటి చుట్టులో పక్క కుట్టుతో కలిపి అల్లితే మూసుకుంటుంది. చెయ్యి ఇరుకు గనక మేజిక్ లూప్ (సూది వైరును మధ్యలో మడిచి బయటికి లాగి అల్లే పద్ధతి) తప్పదు. వైరు మలుపు దగ్గర మొదటి రెండు కుట్లు బిగించకపోతే నిచ్చెనలా గీత కనిపిస్తుంది.

ముందు, వెనక మెడ ఒకే ఎత్తులో ఉండటంతో ముందుభాగం గొంతుకు కాస్త ఆనుతోంది. కొత్తవారికి సులువని అలాగే ఉంచాం. వెనక మెడను పొట్టి వరుసలతో (చుట్టు పూర్తికాకుండా మధ్యలోనే వెనక్కి తిరిగేవి) ఎత్తడం వచ్చే ఏడాది రెండో మెట్టు తరగతిలో ఉంటుంది. దానికి వచ్చేవారు గుండ్రంగా అల్లిన నమూనా ముక్కను మొదటిరోజే తీసుకురావాలి.