ఇంటి అక్వేరియం పగడాలకూ క్వారంటైన్ ఉండాలి

సంపాదకుడికి,

అయ్యా,

అలంకార చేపల వ్యాపారానికి పేరుమోసిన కొళత్తూరు ఉన్న మన చెన్నైలో ఉప్పునీటి అక్వేరియంల మీద మోజు ఏటికేడు పెరుగుతోంది. చేపలతో ఆగక పగడాలను కూడా పెంచుతున్న ఇళ్లు, వాటిలో తెలుగువారి ఇళ్లు, నేను ఎరిగినవే ఎన్నో ఉన్నాయి. సముద్రంలోంచి తీసిన పగడాన్ని అమ్మే ముందు కొన్నాళ్లు వేరుగా ఉంచి, దానితో వచ్చిన పురుగూ పుట్రా ఏమిటో చూసే అలవాటు మాత్రం నేను వెళ్లిన దుకాణాల్లో కనబడలేదు. ఆ పని తప్పనిసరి చేయాలని మత్స్యశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, నిప్పు పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఇచ్చే రక్షణే వాటికీ ఉంది. నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. తూత్తుకుడి, రామేశ్వరం మధ్య ఉన్న 21 దీవులను 1986లో మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు కాబట్టి అక్కడి నుంచి ఏదీ తెచ్చుకోవడానికి వీల్లేదు. అలాంటి ముక్క ఎంత చవకగా వచ్చినా కొనకూడదు. ఇందులో చర్చకు తావే లేదు. నేను మాట్లాడుతున్నది ఆ జాబితాలో లేని, రాతి గూడు కట్టని మెత్తని జీవుల గురించి: పువ్వుల గుంపులా కనిపించే జోయాంథిడ్‌లు, మష్రూమ్ పగడాలు, అవి అంటుకుని ఉన్న రాళ్ల గురించి. ఇళ్లలోకి పురుగు ఎక్కువగా చేరుతున్నది వీటితోనే.

దుకాణంలో నీలం లైటు కింద ఆకుపచ్చగా, నారింజ రంగులో మెరిసే జోయాంథిడ్ గుంపును చూస్తే ఎవరికైనా మనసు పడుతుంది. దాన్నే తెల్లని వెలుతురులోకి తెప్పించి, భూతద్దం పట్టుకుని, పువ్వుల్లాంటి ఆ నోళ్ల మధ్య సందుల్లో చూడాలి. జోయాంథిడ్‌లను తినే నూడిబ్రాంక్ అనే పెంకులేని నత్త తాను తిన్నదాని రంగే పులుముకుంటుంది కాబట్టి పక్కనే ఉన్నా కంటికి ఆనదు. తెల్లని చుట్టలా కనిపించే దాని గుడ్లే దాని ఆచూకీ చెబుతాయి. సన్‌డయల్ నత్త పెంకు మీద తెలుపు, గోధుమ రంగు గళ్లుంటాయి. అది పగలంతా రాతి అడుగున దాక్కుని రాత్రి మేస్తుంది. రాతి కన్నాల్లో మాంటిస్ రొయ్యలు, వెంట్రుకల కాళ్ల పీతలు ఉండవచ్చు. ఇక ఐప్టేసియా అనే చిన్న గోధుమరంగు ఎనిమోన్‌ను (పువ్వులా కనిపించే సముద్ర జీవి) గోకి పారేస్తే పోదు. అడుగున మిగిలిన తునక నుంచి మరొకటి పుడుతుంది. ఒక్కదాన్ని పీకబోయి పదింటిని చేసుకున్నవారు ఈ నగరంలో చాలామంది ఉన్నారు.

అయోడిన్ కలిపిన ఉప్పునీటిలో కాసేపు ముంచి తీస్తే చాలని కొందరు అమ్మకందారులు చెబుతున్నారు. ఆ డిప్‌తో పెద్ద పురుగులు చాలావరకు రాలిపోయే మాట నిజమే. గుడ్లకు మాత్రం దాని దెబ్బ తగలదు. కనబడిన గుడ్లను గీకి తీసి, అంటుకున్న పాత రాతిని వీలైనంత తొలగించి, నాలుగు నుంచి ఆరు వారాలు విడి తొట్టిలో ఉంచి, పొదిగి వచ్చే పిల్లల కోసం ఆ గడువులో మళ్లీ మళ్లీ ముంచి, రాత్రిపూట ఎర్ర టార్చితో చూస్తూ ఉండాలి. ఆ తొట్టి వలను, గొట్టాన్ని అసలు తొట్టిలో వాడకూడదు. చిన్న ఫ్లాట్‌లో రెండో తొట్టికి చోటెక్కడిదని అడిగేవారికి నా జవాబు ఒకటే: గాజు పెట్టె, హీటరు, చిన్న పంపు ఉంటే సరిపోతుంది. అదీ కుదరకపోతే సముద్రం నుంచి తీసిన ముక్క జోలికి పోకుండా, ఎవరి తొట్టిలోనో ఏళ్లుగా పెరుగుతున్న గుంపు నుంచి కోసిన ముక్కను, ఆ తొట్టిని కళ్లారా చూసి మరీ తెచ్చుకోవడం మేలు. దాన్నీ డిప్ చేయాల్సిందే.

ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఒకటుంది. పురుగు పట్టిన రాయిని మరిగించి శుభ్రం చేద్దామని ఎవరూ అనుకోకూడదు. జోయాంథిడ్‌లలో, ముఖ్యంగా పాలిథోవా జాతిలో, పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండవచ్చు. మరిగించిన రాళ్ల ఆవిరి పీల్చి విదేశాల్లో కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన ఉదంతాలున్నాయి. ఈ జీవులను ముట్టుకునేటప్పుడు చేతికి గ్లోవ్స్, కంటికి అద్దాలు ఉండి తీరాలి. ఈ హెచ్చరికను దుకాణం గోడ మీద తమిళంలో, తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసి పెట్టడానికి ఖర్చేమీ కాదు.

క్వారంటైన్ అన్నది ఈ నగరానికి కొత్త కాదు. 1994, 95లలో తెల్లమచ్చ తెగులు నెల్లూరు మొదలుకొని మన కోస్తా రొయ్యల చెరువులను ఎలా తుడిచిపెట్టిందో ఆ జిల్లాల వారికి గుర్తే. ఆ తర్వాత విదేశాల నుంచి వనామీ తల్లి రొయ్యలు తెప్పించుకునే హేచరీలు వాటిని ఇదే చెన్నైలోని నీలాంగరై క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షలు పూర్తయ్యాకే తీసుకువెళ్లేలా ప్రభుత్వం కట్టుదిట్టం చేసింది. పగడం వ్యాపారం అంత పెద్దది కాదన్నది ఒప్పుకుంటాను. అంత పెద్ద కేంద్రం కట్టమని నేను అడగడం లేదు. దుకాణంలో ఒక విడి తొట్టి, ముక్క ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో రాసే ఒక రిజిస్టరు ఉంటే చాలు.

తొట్టి నీటిని, పనికిరాని రాళ్లను వీధి కాలువలోనో, బీసెంట్ నగర్ ఒడ్డునో పారబోయడం కూడా ఆగాలి. సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే పరాయి నాచు మన్నార్ సింధుశాఖలో క్రుసడై దీవి పగడాల మీద కమ్ముకుని వాటిని చంపిన సంగతి శాస్త్రవేత్తలు ఎప్పుడో నమోదు చేశారు. తొట్టి నీటిలో బ్లీచింగ్ కలిపి ఒక రోజు ఉంచాక టాయిలెట్‌లో పోయాలని, రాళ్లను నెలల తరబడి ఎండబెట్టాలని కొనేవారికి దుకాణదారే చెప్పాలి. అమ్మిన ముక్కలో నెలలోపు పురుగు బయటపడితే సొమ్ము తిరిగి ఇచ్చే బాధ్యత తనదేనని బిల్లు మీదే రాసివ్వాలి. మత్స్యశాఖ వెంటనే దుకాణదారుల సంఘాలను పిలిచి ఈ విషయం మాట్లాడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు,
పెరంబూరు, చెన్నై