మోషే చేతులు పట్టుకున్నట్టు నా చేతులు పట్టుకున్న మీ అందరికీ

అందరికీ నమస్తే. ఈ పోస్టు రెండు వారాల కిందే పెట్టాల్సింది. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక పని, లేదంటే ఏం రాయాలో తోచకపోవడం. మనతో పాటు ఇక్కడ పని చేసిన తమ్ముడు మొన్న మంగళవారం ఇల్లు చేరాడు. జగిత్యాల దగ్గర వాళ్ల ఊళ్లో, వాకిట్లో మంచం మీద వాళ్లమ్మ పక్కన కూర్చున్న ఫోటో పంపించారు. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా లేవట్లేదు. "అన్నా, చాయ్ తాగుతున్న" అని తనే వాయిస్ మెసేజ్ పెట్టాడు. అది నాలుగుసార్లు విన్నాక ఇక ఆగలేక రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మేమంతా ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్లను చూసుకునే పనిలో ఉన్నాం. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు వాళ్లమే ఎక్కువ. తమ్ముడు వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు, అప్పు ఇంకా తీరలేదు, ఒక రోజు పొద్దున్నే పని చేసే ఇంట్లోనే స్ట్రోక్ వచ్చి పడిపోయాడు. నేను ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్లు, హీబ్రూ కాస్త వచ్చు, పైగా మన వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ని. అందుకని ఫోన్లన్నీ నాకే వచ్చాయి.

మొదటి పది రోజులు అన్నీ నేనే చేశా. డాక్టరు చెప్పింది తెలుగులో చెప్పడం, తెలుగులో వాళ్లమ్మ ఏడుస్తూ అడిగింది హీబ్రూలో అడగడం, చందాలు, చందాల లెక్క, ఇన్సూరెన్స్ కాగితాలు, ఊళ్లో సర్పంచ్‌కి ఫోను, అర్ధరాత్రి "ఎలా ఉన్నాడన్నా" అని అడిగే నలభై మెసేజ్‌లకు నలభై జవాబులు. మధ్యలో నా పని. సాయం చేస్తామని ఎందరో అడిగారు. "వద్దులే, నేను చూసుకుంటా" అన్నా అందరితో. అందులో కొంత ప్రేమ ఉంది, కొంత గొప్ప కూడా ఉంది, దాచడం ఎందుకు.

పదకొండో రోజు సవ్తాకి, అంటే నేను పని చేసే ఇంటి అవ్వకి, పొద్దుటి మాత్రలు ఇచ్చానో లేదో గుర్తు రాలేదు. డబ్బా తెరిచి చూస్తే అలాగే ఉన్నాయి. చేతులు వణికాయి. సబా, ఆమె భర్త, చూశాడు. తిడతాడనుకున్నా. తనే ఆమెకు మాత్రలు వేసి, నాకు కాఫీ కలిపి, అల్మారాలోంచి తనఖ్, అంటే యూదుల బైబిల్, తీసి నా ముందు కూర్చున్నాడు. ఆయన గుడికి వెళ్లే మనిషి కాదు, తల మీద టోపీ పెట్టడు, కానీ ఇక్కడ బడుల్లో తనఖ్ ఒక సబ్జెక్టు, ముప్పై ఏళ్లు అదే చెప్పాడు. రిటైరయినా టీచరు టీచరే, తప్పించుకోలేం.

చదివింది నిర్గమకాండం 18వ అధ్యాయం. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా ఉన్న ఇశ్రాయేలు జనాన్ని బయటికి నడిపించిన మోషే దగ్గరికి పిల్లనిచ్చిన మామ యిత్రో వస్తాడు, కూతుర్ని, ఇద్దరు మనవళ్లను వెంటబెట్టుకుని. మర్నాడు చూస్తే అల్లుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగువులు తీరుస్తున్నాడు, జనం చుట్టూ నిలబడే ఉన్నారు. మామ మొహమాటపడలేదు. నువ్వు చేస్తున్నది మంచి పని కాదు, నువ్వూ వాడిపోతావు, నీతో ఉన్న ఈ జనమూ వాడిపోతారు అన్నాడు. హీబ్రూలో ఆ మాట "నావోల్ తిబోల్". ఆకు వాడిపోవడానికి వాడే మాట అని సబా కిటికీలో ఎండిపోయిన తులసి మొక్కను చూపించాడు. ఆ మొక్క నాదే. ఆ పది రోజులూ దానికి నీళ్లు పోయలేదు.

నన్ను పట్టుకున్నది రెండో సగం. నువ్వు ఒక్కడివే అలిసిపోతావు అని మాత్రమే అని ఉంటే, అలిసిపోతే పోనీ అనుకునేవాణ్ని. నీ చుట్టూ నిలబడ్డవాళ్లు కూడా వాడిపోతారు అన్నాడు. గ్రూపులో రెండు వందల మంది చేతులు కట్టుకుని నా మెసేజ్ కోసం ఎదురుచూస్తూ ఉన్నారు అప్పటికి. వాళ్ల చేతులు కట్టింది నేనే.

యిత్రో చెప్పిన ఉపాయం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వెయ్యిమందికి ఒకడు, వందకి ఒకడు, యాభైకి ఒకడు, పదికి ఒకడు. సమర్థులు, దేవుడంటే భయం ఉన్నవాళ్లు, నిజాయితీపరులు, లంచం అంటే గిట్టనివాళ్లు కావాలి. పెద్ద తగువులు మాత్రం నీ దగ్గరికి రానీ. మోషే ఎదురు మాట్లాడలేదు. యిత్రో మిద్యాను దేశపు యాజకుడు, వాళ్ల జాతివాడు కూడా కాదు. అయినా యూదులు వారం వారం చదివే భాగాల్లో, పది ఆజ్ఞలు వచ్చే భాగానికి ఆయన పేరే ఉంది. సబాకి ఇది మహా ఇష్టమైన సంగతి, మూడుసార్లు చెప్పాడు.

ఆ సాయంత్రమే గ్రూపులో మెసేజ్ పెట్టా, మీకు గుర్తుండే ఉంటుంది, "నా వల్ల కావట్లేదు" అని. అయిదు నిమిషాల్లో పదిహేడు మంది. లెక్కలు అక్క తీసుకుంది, ఎవరి దగ్గరా పది షెకెల్స్ బాకీ లేని మనిషి, మూడు పేజీల లెక్క రసీదులతో సహా పెట్టింది. ఆసుపత్రిలో డాక్టర్లతో మాట్లాడే పని హైఫా నుంచి వచ్చిన తమ్ముడు, కాగితాల పని ఇంకో ఇద్దరు, ఊరితో ఫోన్లు నిజామాబాద్ అన్న. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా, వారానికి ఉన్న ఆ ఒక్క సెలవు కూడా వదులుకుని మంచం పక్కన కూర్చున్నవాళ్లు తొమ్మిది మంది. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఎవరికి వాళ్లకు తెలుసు.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. పని పంచుకున్న వారానికి, ఒక రాత్రి వాళ్లమ్మ నాకే ఫోన్ చేసి, "బిడ్డా, నువ్వే కదా వానికి ధైర్యం చెప్పి తోలుకపోయినవు" అంది. నిందించాలని కాదు, ఊరికే అంది. నిజమే, నేనే రమ్మన్నా. ఫోన్ పెట్టేసి బాత్రూమ్‌లో నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చా. లెక్కలు అక్క రాస్తే ఏంటి, కాగితాలు ఎవరో చూస్తే ఏంటి, ఇది ఎవరికి పంచాలి?

ఈసారి నేనే సబాని అడిగా. మీ మోషేకి మామ చెప్పాక అంతా సర్దుకుందా అని. ఆయన నవ్వి సంఖ్యాకాండం 11 తీశాడు. సర్దుకోలేదు. జనం మాంసం కావాలని ఏడుస్తారు, ఐగుప్తులో తిన్న చేపలు, దోసకాయలు, పుచ్చకాయలు, ఉల్లి, వెల్లుల్లి తలుచుకుని మరీ ఏడుస్తారు. (మన గ్రూపులో పండగ నాడు గోంగూర గురించి వచ్చే మెసేజ్‌లు గుర్తొచ్చాయి, నవ్వు ఆగలేదు.) అప్పుడు మోషే దేవుడితో, వీళ్లను నేను కన్నానా, పాలు తాగే పిల్లను దాది ఎత్తుకున్నట్టు మోయమంటావేంటి, నా ఒక్కడి వల్ల కాదు, దీనికంటే నన్ను చంపెయ్ అంటాడు. అంత పెద్ద మనిషి అంత మాట అన్నాడని రాసిపెట్టుకుని, తరతరాలుగా పైకి చదువుకుంటున్నారు వీళ్లు. దేవుడు కోప్పడింది మాంసం అడిగిన జనం మీద. మోషేకి మాత్రం డెబ్బై మంది పెద్దల్ని తోడిచ్చి, వీళ్లు నీతో కలిసి మోస్తారు, నువ్వు ఒక్కడివే మోయక్కర్లేదు అన్నాడు.

నాకు అర్థమైంది ఇది. మామ పంచింది పనిని, ఇక్కడ పంచింది బరువుని. రెండూ ఒకటి కాదు. సబా ఒక మాట కింద పెన్సిల్‌తో గీత గీశాడు: "కవేద్". అంటే బరువు. అమాలేకీయులనే శత్రువులతో యుద్ధంలో మోషే చేతులు బరువెక్కాయి అన్నచోట అదే మాట, యిత్రో ఈ పని నీకు బరువు అన్నచోట అదే, ఇక్కడా అదే. గౌరవానికి వాళ్ల మాట "కవోద్" కూడా అందులోంచే. మాకూ అంతే సబా, గురువు అంటే బరువైనది, గౌరవం దాంట్లోంచే వచ్చింది అన్నా. బళ్లో గురువు, లఘువు గుర్తించినందుకు జీవితంలో మొదటిసారి ఉపయోగం.

ఆ యుద్ధంలో మోషే చెయ్యి ఎత్తి ఉంటే ఆయన జనానిది పైచేయి, దించితే అమాలేకీయులది. చేతులు నొప్పెట్టాయి. ఒక రాయి తెచ్చి కూర్చోబెట్టి, చెరోపక్క ఆయన అన్న అహరోను, హూరు అనే ఇంకో మనిషి పొద్దుగూకే దాకా పట్టుకున్నారు. రాయి ఎందుకు, కూర్చోడానికి ఒక దిండు లేదా అని యూదుల పాత వ్యాఖ్యాన గ్రంథం తల్మూద్ అడుగుతుంది. జనం కష్టంలో ఉన్నారు, నేనూ కష్టంలోనే కూర్చుంటా అనుకున్నాడట. సాయం తీసుకున్నాడు, సుఖం వద్దన్నాడు. మొదటి పది రోజులు నేను చేసింది తలకిందులు, సాయమే వద్దన్నా.

ఆ రాత్రి మాట నేను ఒక్కరికే చెప్పా, మన పాస్టరు గారి అబ్బాయికి. అతను సలహా ఇవ్వలేదు. మర్నాడు వాళ్లమ్మకి తనే ఫోన్ చేసి గంటసేపు మాట్లాడి, సాయంత్రం పప్పు, అన్నం, మామిడికాయ తొక్కు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. తిను, పడుకో అన్నాడు. ఏలీయా కథ అతనే చెప్పాడు. ఎడారిలో చచ్చిపోతానని పడుకున్న ప్రవక్తకి దేవదూత ఉపన్యాసం ఇవ్వలేదు, రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు, నీ దారి చాలా దూరం అని. ఏలీయా పడుకున్నది తెలుగు బైబిల్‌లో బదరీ చెట్టు కింద. కాదు, అది రోతెం అనే ఎడారి పొద అని సబా. ఇద్దరూ వాదించుకుంటుంటే నేను నిద్రపోయా, ఎన్నో రోజుల తర్వాత మొదటి మంచి నిద్ర. తమ్ముడూ, నీ రుణం తీరేది కాదు.

సబాకి వేరే చెప్పాలి, ఆయనకు తెలుగు రాకపోయినా. సవ్తాకి మతిమరుపు ఎక్కువయ్యాక, ఆమె నన్ను ఎవరివని అడిగినప్పుడల్లా నాకు చికాకు వచ్చేది. పగిలిన పలకల సంగతి చెప్పాడు ఆయన. పది ఆజ్ఞలు రాసి ఉన్న రాతి పలకల్లో, మోషే పగలగొట్టిన మొదటి వాటి ముక్కల్ని పారెయ్యలేదట, కొత్త పలకల పక్కనే మందసంలో, అంటే వాటిని దాచే పవిత్రమైన పెట్టెలో, పెట్టారని తల్మూద్‌లో ఉంది. నేర్చుకున్నది మరిచిపోయిన ముసలివాళ్లతో జాగ్రత్తగా ఉండండి, పగిలిన పలకలూ మందసంలోనే ఉన్నాయి అని కూడా ఉంది. చెప్పి ఆమె జుట్టు దువ్వాడు.

చివరగా పని మాటలు. విమానం ఖర్చులు పోగా మిగిలిన డబ్బు తమ్ముడి ఫిజియోథెరపీకి నెల నెలా వెళ్తుంది, లెక్క అక్క దగ్గరే ఉంటుంది, నన్ను అడగకండి. ఊరితో ఫోన్లకు ఇంకో ఇద్దరు కావాలి, నిజామాబాద్ అన్నకి వచ్చే నెల సెలవు. అడ్మిన్‌లుగా ఇంకో నలుగురిని పెట్టాను. తులసి కొత్తది నాటాం, నీళ్లు సబా పోస్తున్నాడు.