పగడాలు తెల్లబారే ఆ కొన్ని వారాలు

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,

అయ్యా,

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. రామేశ్వరం యాత్రకు వెళ్లొచ్చిన ఒక విద్యార్థిని మొన్న అరచేతిలో పట్టేంత తెల్ల పగడపు ముక్క తెచ్చి చూపించింది. అక్కడ కొన్నారట. "పగడమంటే ఎర్రగా ఉండాలి కదా సార్?" అంది. మా ఊళ్లో పగడమంటే కుజదోషానికి ఉంగరంలో పెట్టించుకునేదే మరి. ఆ ఎర్ర పగడం వేరే జాతి. ఆ పిల్ల చేతిలో ఉన్నది సముద్రంలో దిబ్బలు కట్టే పగడపు జీవుల సున్నపు గూడు. వీటిని 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి ఉన్న జాబితాలోనే చేర్చారని చెబితే పాపం, ఆ ముక్కను బల్లమీద పెట్టేసింది.

అది చచ్చాక మిగిలిన తెలుపు. నన్ను కలవరపెట్టేది బతికుండగానే వచ్చే తెలుపు. పగడపు జీవి ఒంట్లో కంటికి కనబడనంత సన్నటి నాచు కాపురముంటుంది. రంగూ, తిండిలో ఎక్కువ భాగమూ దాని చలవే. వేసవి గరిష్ఠాన్ని మించి నీరు ఒక్క డిగ్రీ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి తోసేస్తుంది. తెల్లబడుతుంది, పస్తులుంటుంది, కానీ వెంటనే చావదు. నీరు త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024లలో ఈ విపత్తు వచ్చింది.

నా విన్నపం ఆ కొన్ని వారాల గురించే. ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడిని బట్టి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పగడాలు తెల్లబారే ముప్పును ముందే హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరిక వెలువడిన నాటినుంచి నీరు చల్లబడేదాకా దిబ్బల మీద లంగర్లు, పర్యాటక పడవలు, దగ్గర్లో ఇసుక తవ్వకాలు వాటంతటవే ఆగిపోయేలా ఉత్తర్వు ఇవ్వండి. జ్వరంతో పడున్న మనిషి నెత్తిన మూట పెట్టం కదా.

పడవలవాళ్ల కూడు మాటేమిటంటారా? మా జిల్లా తీరంలో వాకాడు మండలానికి వచ్చి చూడండి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మోటారు పడవలు ఒడ్డునే ఉంటాయి. మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. అదే ఏర్పాటు లక్షద్వీప్, అండమాన్, మన్నారు సింధుశాఖల్లో పడవలు నడిపేవాళ్లకూ చేయండి. వచ్చే ఎండాకాలానికి ముందే చేయండి.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి