‘ప్రాబ్లం ఏమీ లేదు’ అనే జాబ్ కార్డులు

సంపాదకులకు,

ఏడాది నిండని కారు అదే లోపంతో మూడోసారి సర్వీస్ సెంటర్‌కి వెళ్తోందంటే ముందు పాత జాబ్ కార్డులు (బండి ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదు రాసుకునే కాగితాలు) తీసి చూడాలి. ‘జనరల్ చెకప్’ అని రాసి ఉంటే అది ఎందుకూ కొరగాదు. ‘బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఏసీతో అరగంట నడిపాక చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, పికప్ పడిపోతోంది’ అని, కిలోమీటర్ల రీడింగ్‌తో సహా అక్కడి సర్వీస్ అడ్వైజర్ చేత రాయించాలి.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి మళ్లీ పెడితే ఆ లైటు ఆరిపోవచ్చు. చాలా కార్లలో దాంతోపాటే ఫాల్ట్ కోడూ (లోపం ఏమిటో చెప్పే, కారు కంప్యూటర్‌లో నమోదైన సంకేతం), అది పడినప్పటి ఇంజిన్ వేడి, స్పీడు వివరాలూ చెరిగిపోతాయి. ఆపైన స్కానర్‌లో ఏమీ కనిపించదు, ‘ప్రాబ్లం ఏమీ లేదు’ అని బండి అప్పగిస్తారు. ముందు స్కాన్ ప్రింటు తీసుకోండి, తర్వాతే రిపేరు. నాలుగైదు వార్నింగ్ లైట్లు ఒక్కసారే వెలిగితే సెన్సర్లు మార్చేముందు బ్యాటరీ, ఎర్త్ కనెక్షన్ (బ్యాటరీ నెగటివ్‌ను బండి బాడీకి కలిపే వైరు) చూడమనండి. బ్యాటరీ వోల్టేజి బండి ఆపి కొన్ని గంటలయ్యాక సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 14 దరిదాపుల్లో ఉండాలి. అన్నట్టు, బయట వైరు కోయించి ఫాగ్ లైట్లు పెట్టించుకుంటే వారంటీ పేచీకి డీలర్‌ను అనలేం.

అప్పటికీ తేలకపోతే తయారీ కంపెనీకీ ఈమెయిల్ పెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం వివాదానికి కారణం ఏర్పడిన రెండేళ్లలోపు, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. పది నుంచి ఇరవై లక్షల కారుకు ఫీజు 400 రూపాయలే.

డీలర్లు స్కాన్ రిపోర్టును అడగకుండానే బిల్లుతో జత చేయాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ