మీటరు పెట్టెల తుక్కును తగలబెట్టొద్దు

అయ్యా,

ఇళ్ల గోడలకు కరెంటు మీటర్ల కోసం బిగించే బూడిద రంగు పెట్టెలు మీరు చూసే ఉంటారు. పదకొండేళ్లుగా నేను చేస్తున్నది ఆ పెట్టెల తయారీ పనే. పాలిస్టర్ రెసిన్, గాజు నారలు, సున్నపురాయి పొడి కలిపిన ఎస్‌ఎంసీ (షీట్ మౌల్డింగ్ కాంపౌండ్) షీటును కోసి, దాదాపు 150 డిగ్రీల వేడి మీదున్న డైలో, అంటే ఇనుప అచ్చులో పెట్టి ప్రెస్సు దించితే కొద్ది నిమిషాల్లో పెట్టె గట్టిపడుతుంది. తుప్పు పట్టదు, షాక్ కొట్టదు. మంచి సరుకని గర్వంగానే చెబుతాను.

ఇబ్బందంతా మిగిలినదానితోనే. డై తెరిచాక అంచుల వెంట పల్చటి రేకులా ఉండే ఫ్లాష్‌ను ఆకురాయితో గీసి తీసేస్తాం. బుడగలు వచ్చిన పెట్టెలు, మూల విరిగినవి పక్కన పడేస్తాం. ప్లాస్టిక్ బకెట్ విరిగితే కరిగించి ఇంకోటి చేస్తారు. ఇది అలా కాదు. కాలిన కుండ మళ్లీ మట్టిముద్ద కానట్టే, ఒకసారి గట్టిపడిన ఈ సరుకు ఎంత వేడి చేసినా కరగదు, మాడిపోతుంది. అందుకే పాత సామాన్లు కొనేవాళ్లు కూడా దీన్ని ముట్టుకోరు.

మా పారిశ్రామికవాడ వెనక నాలా గట్టున ఈ తుక్కు గుట్టలు పడుతోంది. రాత్రిపూట ఎవరో నిప్పు పెడుతున్నారు. నల్లటి పొగ, గొంతు పట్టేసే వాసన. తెల్లారి వెళ్లి చూస్తే రెసిన్ కాలిపోయి, గాజు నారలు ఏకిన దూదిలా తెల్లగా మిగిలి ఉంటాయి. గాలి వీస్తే పక్క బస్తీలోకే. ఆ నారలు ఒంటికి తగిలితే దురద ఎలా ఉంటుందో మాకు తెలుసు. నా చొక్కాలు పిల్లల బట్టల్లో కలవకుండా మా ఆవిడ వేరే బకెట్‌లో నానబెడుతుంది.

దారి లేక కాదు. ఎస్‌ఎంసీ, ఫైబర్ తుక్కును సిమెంటు బట్టీలకు పంపవచ్చని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బట్టీలో రెసిన్ ఇంధనంగా మండుతుంది. గాజు, సున్నపురాయి సిమెంటులోనే కలిసిపోతాయి. తాండూరులో, హుజూర్‌నగర్ ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీలు ఉండనే ఉన్నాయి. కానీ ఇరవై మంది పనిచేసే యూనిట్ నాలుగు బస్తాల కోసం లారీ కట్టలేదు.

కాలుష్య నియంత్రణ మండలి ప్రతి పారిశ్రామికవాడలో ఒక షెడ్డు, తుక్కును ముక్కలు చేసే ఒక మెషిన్ పెట్టించి, అందరి సరుకూ తూకం వేసి తీసుకుని, లారీ నిండగానే సిమెంటు ఫ్యాక్టరీకి పంపించాలి. ఖర్చు బరువును బట్టి యూనిట్లు పంచుకోవచ్చు. మా యజమానిని అడిగాను, ఆయన సిద్ధమే. పెట్టెలు కొనే విద్యుత్ సంస్థలు కూడా, తుక్కు ఎక్కడికి పంపారో రసీదు చూపాలని టెండర్‌లోనే షరతు పెట్టాలి. బిల్లు ఆ రసీదు మీద ఆధారపడితే బండి నాలా వైపు తిరగదు.

ఇట్లు,
ఒక ప్రెస్సు ఆపరేటర్,
మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా