మాంద్యం వచ్చిందని ఖాళీలు మూసిపెడతారా?

సంపాదకులకు,

ఈ మధ్య మీ ఎడిట్ పేజీలో నిరుద్యోగంపై వచ్చిన వ్యాసం చదివాను. ఆ రోజే రాయాల్సింది. కోపంలో రాయకూడదని ఆగాను, కానీ ఆ కోపం ఇంకా తగ్గలేదు. కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయి, పన్నుల రాబడి పడిపోయింది, ఖజానా జీతాల బిల్లు మోయలేదు, కాబట్టి యువత సర్కారీ కొలువుల మీద ఆశ వదులుకుని సొంత కాళ్ల మీద నిలబడాలి అని ఆ వ్యాసకర్త సలహా ఇచ్చారు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామంది ఇప్పటికీ గ్రూప్స్‌కో, డీఎస్సీకో, ఎస్సై పరీక్షకో ప్రిపేర్ అవుతూనే ఉన్నారు. వాళ్ల తరఫున ఈ జవాబు రాయక తప్పడం లేదు.

కొత్త ఉద్యోగాలు సృష్టించమని ఆ పిల్లలు అడగడం లేదు. ఉన్న పోస్టులు నింపమంటున్నారు. 2021 మార్చి 1 నాటికి కేంద్ర ప్రభుత్వంలో మంజూరైన పోస్టులు 40.35 లక్షలు, అందులో ఖాళీలు 9.79 లక్షలు. ఇది ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పిన లెక్క. అంటే నాలుగు కుర్చీల్లో దాదాపు ఒకటి ఖాళీ. ఆ పని అవసరం లేకపోతే పోస్టును రద్దు చెయ్యాలి. అవసరం ఉంటే మనిషిని పెట్టాలి. పోస్టు కాగితం మీద ఉంచి, ఆ పనిని పక్క సీటు ఉద్యోగి నెత్తిన పడేసి, పనులు ఆలస్యమవుతున్నాయని జనం తిడితే ఉద్యోగుల అలసత్వమని చెప్పడం ఏం న్యాయం?

ఖజానాకు ఇబ్బంది ఉందన్న మాట అబద్ధమని నేను అనడం లేదు. 2020 ఏప్రిల్-జూన్‌లో దేశ ఆర్థిక వ్యవస్థ దాదాపు నాలుగో వంతు కుంగిపోయింది. అదే మూడు నెలల్లో పట్టణాల్లో నిరుద్యోగం 20 శాతం దాటిందని కేంద్ర గణాంక శాఖ సర్వేనే చెప్పింది. ఆ వెంటనే, 2020 సెప్టెంబరు 4న, కొత్త పోస్టులు సృష్టించకూడదని ఆర్థిక శాఖ సర్క్యులర్ ఇచ్చింది. గొడవ అయ్యేసరికి మర్నాడు వివరణ వచ్చింది. యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వే బోర్డుల నియామకాలు యథావిధిగా సాగుతాయన్నారు. సాగాయా? 2022 జూలైలో లోక్‌సభలో ఇచ్చిన జవాబు ప్రకారం నియామక సంస్థలు ఎంపిక చేసి కేంద్ర కొలువులకు సిఫార్సు చేసినవాళ్లు 2019-20లో లక్షా 47 వేలు. 2020-21లో 78,555. 2021-22లో 38,850. బయట ఉద్యోగాలు పోయిన ఆ రెండేళ్లలోనే లోపలి తలుపు కూడా మూసుకుపోయింది. 2014 నుంచి ఆ ఎనిమిదేళ్లలో వచ్చిన దరఖాస్తులు 22.05 కోట్లు, సిఫార్సు అయినవాళ్లు 7.22 లక్షలు. ఒకే మనిషి పది పరీక్షలకు దరఖాస్తు పెట్టుకుంటాడు, నిజమే. అలా కనపడ్డ ప్రతి నోటిఫికేషన్‌కూ ఎందుకు పెట్టుకోవాల్సి వస్తోందో కూడా ఆలోచించాలి కదా.

ఇది ఒక్క పార్టీ పాపం కాదు. 2001 మేలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ఎంతమందికి గుర్తుందో! ఒక ఏడాదిలో ఏర్పడే నేరుగా నింపాల్సిన ఖాళీల్లో మూడో వంతు మాత్రమే భర్తీ చెయ్యాలి, అది కూడా మొత్తం సిబ్బందిలో ఒక శాతం మించకూడదు. తాత్కాలికమన్న ఆ పొదుపు చర్య 2009 మార్చి దాకా నడిచింది. మధ్యలో కేంద్రంలో ప్రభుత్వమే మారిపోయినా ఉత్తర్వు మాత్రం కదల్లేదు. ఆ ఎనిమిదేళ్లలో డిగ్రీ చేతికొచ్చిన పిల్లల వయసును ఎవరూ ఆపి ఉంచలేదు.

ఉత్తర్వు లేకుండా కూడా నియామకాలు ఆపవచ్చు. పరీక్షను సాగదీస్తే చాలు. రైల్వేలో క్లర్కు, గార్డు, స్టేషన్ మాస్టర్ లాంటి పోస్టులకు పెట్టే ఎన్‌టీపీసీ పరీక్ష నోటిఫికేషన్ 2019 ఫిబ్రవరిలో వచ్చింది. 35 వేల పైచిలుకు పోస్టులకు కోటీ పాతిక లక్షల దరఖాస్తులు. కోవిడ్ లాక్‌డౌన్ వచ్చేలోపే ఏడాది గడిచిపోయింది, అప్పటికి ఒక్క పేపరూ జరగలేదు. మొదటి దశ పరీక్ష 2020 డిసెంబరు చివర్లో మొదలై, దాని ఫలితాలు 2022 జనవరిలో వచ్చాయి. ఆ ఫలితాల మీద బీహార్‌లో, యూపీలో పిల్లలు పట్టాల మీదికి వచ్చారు. రైలు తగలబెట్టడం తప్పే. మూడేళ్లు వాళ్లను కూర్చోబెట్టడం కూడా తప్పే. మొదటి తప్పుకు కేసులు పడ్డాయి, రెండో తప్పుకు ఏ అధికారి మీదా ఏమీ పడినట్టు నేను వినలేదు.

మన దగ్గర మాత్రం ఏం మెరుగు? తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ ఇచ్చారు. అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టి, పేపర్ లీక్ అయిందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ సరిగ్గా తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని, 563 పోస్టులతో కొత్తది ఇచ్చి, గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46కు పెంచారు. వయసు సడలించి మేలు చేశామంటారు. ఆ వయసు తినేసింది ఎవరు? ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత పెద్ద నోటిఫికేషన్ కోసం 2025 ఏప్రిల్ దాకా, 16,347 పోస్టుల ప్రకటన వచ్చేదాకా, బీఈడీ చేసినవాళ్లు కాచుకుని కూర్చున్నారు. ఆ ఏడేళ్లూ బడికి వెళ్లిన పిల్లవాడికి లెక్కల టీచరు ఉన్నాడో లేడో ఎవరడిగారు?

కేంద్రంలో సాంకేతికేతర గ్రూప్-బి, గ్రూప్-సి నాన్ గెజిటెడ్ పోస్టులకు ఒకే అర్హత పరీక్ష అన్నారు. దానికోసం జాతీయ నియామక సంస్థకు 2020 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అప్పుడు పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. ఆ పరీక్ష ఏమైందని తర్వాత అడిగిన పత్రిక నాకు కనపడలేదు. మీదీ అడగలేదు.

జీతాల బిల్లు మోయలేమన్నవాళ్లు ఖాళీలను నిజంగా ఖాళీగా ఉంచుతున్నారా అంటే అదీ లేదు. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా మనిషిని తెస్తారు. అదే పని, అదే కుర్చీ, జీతం మాత్రం పర్మనెంట్ ఉద్యోగి కంటే చాలా తక్కువ, వచ్చేది నెలనెలా రాదు, మధ్యలో ఏజెన్సీ కమీషన్. ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే రిజర్వేషన్ రోస్టర్ కూడా చాలాచోట్ల అక్కడితో మాయం. పర్మనెంట్ చెయ్యమంటే, తాత్కాలికంగా చేరినవాళ్లకు అలా అడిగే హక్కు లేదన్న 2006 నాటి సుప్రీంకోర్టు ఉమాదేవి కేసు తీర్పు చూపిస్తారు. ఆ తీర్పును అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల హక్కులు కాలరాయొద్దని సుప్రీంకోర్టే 2024 డిసెంబరులో జగ్గో కేసులో చెప్పింది. ఆ తీర్పు మాత్రం ఏ ఆఫీసు ఫైలులోనూ కనపడదు.

మాంద్యంలో ప్రభుత్వం చేతులు ముడుచుకోవడమే వివేకమని ఆ వ్యాసకర్త ఎక్కడ చదివారో తెలియదు. 1933లో అమెరికాలో నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. అప్పుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ పెట్టి, 1943 దాకా సుమారు 85 లక్షల మందికి పని ఇచ్చింది. వాళ్లు రోడ్లు, వంతెనలు, బడులు కట్టారు. అంత దూరం ఎందుకు, 2020-21లో నగరాల నుంచి నడిచి ఊళ్లకు చేరినవాళ్లకు దిక్కయింది ఉపాధి హామీ పథకమే. ఆ ఒక్క ఏడాదిలో 11 కోట్ల మందికి పైగా అందులో పనిచేశారు. అదీ సర్కారు సొమ్మే. నర్సుకో టీచరుకో ఇచ్చే జీతం ఆ నెలలోనే దుకాణానికీ, ఇంటి అద్దెకీ, పిల్లల ఫీజులకీ పోతుంది. అమ్మకాలు పడిపోయాయని వ్యాపారులు ఏడుస్తున్న రోజుల్లో ఆ జీతాన్ని కూడా ఆపేస్తే సరుకు ఎవరు కొంటారు?

సొంత కాళ్ల మీద నిలబడమన్నారు. పెట్టుబడి ఉన్నవాడే భయపడి వెనక్కి తగ్గే కాలంలో, కౌలు రైతు కొడుకును అప్పు చేసి వ్యాపారం పెట్టమనడం సలహా ఎలా అవుతుంది? ఇంటి పేరు, పరిచయాలు, ఇంగ్లిష్ ఏవీ లేని పిల్లకు మార్కులతో మాత్రమే దొరికే గౌరవమైన బతుకు ఈ దేశంలో ఇంకా ప్రభుత్వ ఉద్యోగమే. ఆమె ఆశపడటం పిచ్చి కాదు.

ఆ వ్యాసానికి ఇచ్చినంత చోటు ఇంకో పనికి కేటాయించమని మిమ్మల్ని కోరుతున్నాను. రెండు రాష్ట్రాల్లోనూ శాఖలవారీగా మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, వాటిలో ఔట్‌సోర్సింగ్‌తో నడుస్తున్నవి ఎన్ని, ప్రకటించిన ప్రతి నోటిఫికేషన్ ఏ దశలో ఆగింది, ఎవరి దగ్గర ఆగింది అన్నది సమాచార హక్కు కింద అడిగి, నెలకోసారి అచ్చువేయండి. ఒక్క నిరుద్యోగి అడిగితే శాఖలు జవాబివ్వవు. పత్రిక అడిగితే ఇస్తాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు